శనివారపు విశ్వవిద్యాలయం

పగలంతా ఉద్యోగం చేస్తేగాని పొయ్యిలోంచి పిల్లి లేవని ఇంట్లో పుట్టిన మనిషి, ఏ వేళప్పుడు చదువుకోవాలి? ఢిల్లీ నగరంలో ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు. విద్యాశాఖ చెప్పలేదు. ప్రణాళికలు వేసేవారు చెప్పలేదు. పొద్దున తెరిచి సాయంత్రం కాకముందే మూసే కళాశాలల్లో చదివి పెద్ద కుర్చీలు ఎక్కినవారు అసలే చెప్పలేదు. చెప్పవలసిన బాధ్యత తమకుందని కూడా వారికి తోచలేదు.

డాక్టర్ భానుమతికి తోచింది. ఈ కథలోని చిక్కులన్నీ అక్కడే మొదలయ్యాయి.

గతవారం వరకు జరిగింది ఇదీ: యమునా విశ్వవిద్యాలయం శాసనసభలో పుట్టి ఏడాది దాటింది గాని, దానికి సొంత గోడంటూ లేదు. కటవారియా సరాయ్‌కు కూతవేటు దూరంలో మూతపడి ఉన్న ఒక శిక్షణసంస్థ భవనాన్ని తాత్కాలికంగా ఇచ్చారు. ఢిల్లీలో ముందు శంకుస్థాపన రాయి వేస్తారు. రాయి మీద పేర్లు అరిగిపోయాక గోడలు లేస్తాయి. గోడలు పెచ్చులూడాక పాఠాలు మొదలవుతాయి. రిజిస్ట్రారుగా వచ్చిన భానుమతి ఆ వరసను తలకిందులు చేసింది. బూజు దులిపించి, ఆ వారంలోనే పాఠం మొదలుపెట్టింది. మామూలు రోజుల్లో సాయంత్రం, శనాదివారాల్లో పగలంతా. ఉద్యోగాలు చేసుకునేవారి కోసం, ఉద్యోగాలు చేసుకునేవారి వేళల్లో.

ఆ భవనం మీద ఒక ప్రైవేటు ట్రస్టు కన్ను పడింది. మేనేజ్‌మెంటు కళాశాల పెడతారట. భూముల వ్యవహారం చూసే అధికారి మల్హోత్రా ఒక మంగళవారం పదకొండు గంటలకు వచ్చి, గదులన్నీ ఖాళీగా ఉండడం చూసి, ‘నిరుపయోగంగా పడి ఉన్న భవనం’ అని రాసి వెళ్ళాడు. ఆ మాట నిజమని రూఢి చేసుకుని, తాళాలు ట్రస్టువారికి అప్పగించే అధికారం సంయుక్త కార్యదర్శి కేశవరావుకు ఇచ్చారు, తనిఖీలో రెండో సభ్యుడు మల్హోత్రాయే. కేశవరావు తెనాలివాడు. ఆర్కే పురంలో భానుమతి ఇంటికి పక్క బ్లాకు. లంచం ముట్టనివాడని పేరు. నవ్వు ముట్టనివాడని అంతకంటె పెద్ద పేరు. ఆయన భార్య సరోజ ప్రతి శనివారం లలితా పారాయణానికి వెళుతుంది. నిజంగా ఎక్కడికి వెళుతుందో భానుమతికి తెలుసు. ఆయనకు తెలియదు.

అప్పగింతకు మల్హోత్రా, ట్రస్టువారు ఎంచుకున్న రోజు శనివారం. అడ్డుచెప్పేవారు ఎవరూ ఉండరని ఎంచుకున్నారు. ఢిల్లీలో శనివారం సర్కారు కార్యాలయాలు తెరవవు. కాబట్టి లోకం కూడా తెరవదని ఆ కార్యాలయాలవారి దృఢవిశ్వాసం.

ఆ శనివారం ఫిబ్రవరి ఎండ అప్పుడప్పుడే వెచ్చబడుతోంది. మేడమీది పెద్ద గదిలో భానుమతి గణాంకశాస్త్రం చెబుతోంది. బెంచీలు చాలక కిటికీ అరుగుల మీద కూడా కూర్చున్నారు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సులు, టెలిఫోను ఎక్స్ఛేంజి అమ్మాయిలు, కరోల్ బాగ్ దుకాణాల్లో లెక్కలు రాసేవారు, మంత్రిత్వశాఖల గుమాస్తాలు. రెండో వరసలో, కిటికీ పక్కన, సరోజ. పెళ్ళి పేరుతో రెండో ఏట ఆగిపోయిన బి.ఎస్‌సి.ని, పిల్లల చదువులు గట్టెక్కాక, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టిన మనిషి.

సరోజ కిటికీలోంచి కిందికి చూసి, చేతిలోని పెన్ను బల్లమీద పెట్టింది.

“మేడమ్,” అంది. తరగతిలో ఎప్పుడూ ఆ పిలుపే, కాలనీలోనైతే అక్కయ్యగారు. “మావారి కారండి.”

భానుమతి కిటికీ దగ్గరకు వచ్చింది. తెల్ల అంబాసిడర్ గేటు బయటే ఆగిపోయింది. లోపలికి రావడానికి దారి లేదు. ఆవరణ నిండా స్కూటర్లు, సైకిళ్ళు. కేశవరావు, మల్హోత్రా దిగి నడుస్తున్నారు. వెనక ట్రస్టు మనిషి ఒకడు కొత్త తాళాలు పట్టుకుని వస్తున్నాడు. ఇత్తడి తాళాలు ఎండలో తళుక్కుమంటున్నాయి.

భానుమతి తరగతికి ఒక లెక్క ఇచ్చి, సరోజను వరండాలోకి పిలిచింది.

“వెనక మెట్లున్నాయి. ప్రయోగశాల పక్కనుంచి దిగితే బస్‌స్టాపు దగ్గర తేలతావు.”

“ఆయన నన్నిక్కడ చూస్తే ఏమవుతుందండీ?”

“ఇంట్లో ఏమవుతుందో నాకు తెలియదు. ఇక్కడ మాత్రం, ఆయనకు కోపం వస్తే ఈ భవనం పోతుంది.”

సరోజ కొంగు సర్దుకుంది. “మీరు వెళ్ళమంటే వెళతాను. వెళ్ళమంటున్నారా?”

మెత్తగానే అడిగింది. కాని ఆ మెత్తదనంలో తప్పించుకునే సందు లేదు. ఇంత కాలం పోట్లాడి నిలబెట్టినది ఒకవైపు ఉంది. ఈమె ఒక్కతే మరోవైపు. తూచి చూస్తే ఎటు మొగ్గుతుందో లెక్కల మేష్టరమ్మకు తెలియక కాదు. ఒక అధికారిని ప్రసన్నం చేసుకోవడానికి ఒక విద్యార్థినిని దొంగమెట్ల మీదుగా సాగనంపే విశ్వవిద్యాలయం, పుట్టకపోతేనే దేశానికి మేలు.

“వెళ్ళి నల్లబల్ల మీద లెక్క చెయ్యి,” అంది.

ఈలోగా మెట్ల మీద మల్హోత్రా గొంతు వినిపించింది. “ఏమిటీ భీడ్, ఇంతమంది జనం? ఇవాళ ఛుట్టీ కదా! ఇక్కడ ఎవరిదైనా పెళ్ళా?”

“పెళ్ళి కాదు, మల్హోత్రా సాబ్. పాఠం,” అంది భానుమతి మెట్ల పైనుంచి.

“శనివారమా!”

“మీకు సెలవైతేనే వీళ్ళకు తీరిక. మిగతా రోజులు వీళ్ళు మీ దగ్గరే పనిచేస్తున్నారు మరి.”

అది ఎత్తిపొడుపు కాదు, యథార్థం. దానికి సాక్ష్యం అప్పుడే టీ గ్లాసు పట్టుకుని మెట్లెక్కుతోంది. కేశవరావు స్టెనోగ్రాఫరు ప్రీతి ఆయన్ని చూసి, గోడకు అతుక్కుపోయింది.

“ప్రీతీ! నువ్వా? శనివారం డిక్టేషన్‌కి రమ్మంటే మీ అమ్మకు ఒంట్లో బాగుండదన్నావే?”

“మమ్మీ ఠీక్ హై, సర్. సారీ సర్.” ఢిల్లీలో పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుందిగాని నోట హిందీయే వస్తుంది. ఒక్క క్షణం తటపటాయించి, ధైర్యం కూడదీసుకుంది. “లేకిన్ సర్, శనివార్ తో ఛుట్టీ హోతీ హై న?”

శనివారం సెలవే కదా అన్న ఆ ప్రశ్నకు మెట్ల మీద ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. మల్హోత్రా అటు తిరిగి చూసి గతుక్కుమన్నాడు. దగ్గినవాడు తన కార్యాలయంలో భవనాల పటాలు, నక్షాలు గీసే ధర్మయ్య.

“తుమ్ భీ?”

“హా సాబ్,” అన్నాడు ధర్మయ్య. ఓరుగల్లువాడు. కేశవరావు ముఖం చూసి తెలుగులోకి దిగాడు. “పోయిన వానకాలం సంది వస్తున్న సార్. ట్రస్టోళ్ళకు ఇయ్యాల్నని గీ బిల్డింగు నక్షా మా సాబు నాతోనే గీయించిండు. కొలతలు వెట్టి గీసిన. నా క్లాసురూము గూడ గీసిన. ఏం జేస్త సార్, నౌకరి గద!”

ఈసారి నవ్వును ఎవరూ దగ్గుగా మార్చే ప్రయత్నం చెయ్యలేదు. కేశవరావు నవ్వలేదు. ఆయన మల్హోత్రా వైపు చూసిన చూపు మాత్రం, దస్త్రంలో అబద్ధం దొరికినప్పుడు చూసే చూపు.

“మీరు వచ్చినప్పుడు ఇక్కడ ఎవరూ లేరన్నారు.”

“లేరు సర్! నా కళ్ళతో చూశాను. మంగళవారం, పదకొండింటికి.”

“ఆయన అబద్ధం ఆడలేదు, కేశవరావుగారూ,” అంది భానుమతి. “ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి. తీసిన శాంపిలే తప్పు. మిట్టమధ్యాహ్నం ఆకాశం చూసి నక్షత్రాలు లేవని రాస్తే, ఆ తప్పు నక్షత్రాలది కాదు. రండి, పాఠం నడుస్తోంది.”

ఆమె ముందు నడిచింది. ప్రీతి, ధర్మయ్య ముందుగా దూరి తమ చోట్లలో కూర్చున్నారు. వెనక అధికారులు గుమ్మంలో అడుగుపెట్టారు.

అప్పుడు జరిగినది అక్కడ ఉన్నవారెవరూ మరిచిపోరు. సంయుక్త కార్యదర్శి గదిలోకి రాగానే గుమాస్తాల వెన్నెముకలు ఎవరి ఆజ్ఞా లేకుండానే కదిలాయి. బెంచీలు కిర్రుమన్నాయి. సగం తరగతి సగం లేచింది. కార్యాలయాల్లో ఏళ్ళ తరబడి నేర్చుకున్న పాఠం అది. మోకాళ్ళకు కంఠతా వచ్చిన పాఠం.

“కూర్చోండి,” అంది భానుమతి.

గొంతు పెంచలేదు. పెంచవలసిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

“లెక్క మధ్యలో ఉంది. ఇక్కడ మీరు ఎవరికీ కింది ఉద్యోగులు కారు. విద్యార్థులు. వచ్చినవారు అతిథులు, చోటుంటే వారూ కూర్చుంటారు.”

మోకాళ్ళు సందేహించాయి. అధికారి వైపు చూశాయి, ఆమె వైపు చూశాయి. కూర్చున్నాయి. గది మొత్తం ఒక్క చప్పుడుతో కూర్చుంది. ఆ చప్పుడు విన్న భానుమతికి, ఏ శాసనసభలో చదివిన ఏ బిల్లూ ఈ విశ్వవిద్యాలయాన్ని పుట్టించలేదని, ఇప్పుడు, ఈ క్షణంలో పుట్టిందని అనిపించింది. ముఖంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు.

కేశవరావు కూర్చోలేదు. భానుమతి గాక నిలబడ్డవారు ఇప్పుడు ఆయన, మల్హోత్రా, తాళాల మనిషి; వారుగాక నల్లబల్ల దగ్గర లెక్క చేస్తున్న ఒక స్త్రీ. ఆమె వీపు ఇటుంది. సుద్దముక్కతో చివరి వరస పూర్తిచేసి, కింద గీత గీసి, వెనక్కి తిరిగింది.

“సరోజా!”

“ఆఁ,” అంది సరోజ. ఇంట్లో కాఫీకి పిలిస్తే పలికినట్టే పలికింది.

కేశవరావుకు దొరికిన మాట చాలా చిన్నది. “పారాయణం?”

“రెండు వారాలు వెళ్ళానండి. అక్కడ పక్కన కూర్చున్నావిడ ఇక్కడ చేరుతోందని తెలిసింది. ఆవిడతోపాటు వచ్చాను.”

“నాతో ఒక్క మాట చెప్పలేదేం?”

“మీరు వద్దంటారని కాదు. ఆలోచిద్దాం అంటారని. మీరు ఆలోచిద్దాం అన్న ఫైలు ఏదీ తిరిగి రాదని మీరే చెబుతుంటారు కదా.”

వెనక వరసలో ధర్మయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ప్రీతి తల దించుకుంది, భుజాలు అదురుతున్నాయి. కేశవరావు నల్లబల్ల వైపు చూశాడు. ఆయన కూడా ఒకప్పుడు లెక్కల విద్యార్థే. పై వరస నుంచి కింది వరస వరకు, దస్త్రం చదివినంత శ్రద్ధగా చదివాడు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“జవాబు సరిగ్గానే ఉంది,” అన్నాడు.

భార్యను ఆయన పదిమందిలో మెచ్చుకోవడం భానుమతి అంతకుముందు వినలేదు. సరోజ కూడా వినలేదని ఆమె ముఖమే చెప్పింది.

“ప్రీతీ, రాసుకో.” కేశవరావు గొంతు మళ్ళీ కార్యాలయపు గొంతైంది. “భవనం పూర్తి వినియోగంలో ఉంది. దారిలో చూసిన గదులన్నిటిలో తరగతులు జరుగుతున్నాయి. అప్పగింతకు ఆధారం లేదు. అప్పగింత తిరస్కరించడమైనది.”

ప్రీతి పెన్సిలు చకచకా కదిలింది.

“ఏక్ మినట్ సర్,” అన్నాడు మల్హోత్రా. నాలుకకు తేనె పూసుకుని మాట్లాడాడు. “ఆ కాగితం మీద మీ సంతకం నిలవదు. భాభీజీ ఇక్కడ విద్యార్థిని. మీకు స్వప్రయోజనం ఉన్నట్టు లెక్క. సోమవారం ట్రస్టువారు కోర్టుకు వెళతారు. ఒక దారి ఉంది. మేడమ్‌జీ భాభీజీ పేరు రోల్‌లోంచి తీసేస్తే, అసలు చేరనట్టే రాసేస్తే, అందరికీ హాయి.”

“తీసెయ్యండి మేడమ్,” అంది సరోజ వెంటనే. “ఇంతమంది చదువు కంటె నాదేం గొప్ప?”

భానుమతికి అప్పుడు కోపం వచ్చింది. మల్హోత్రా మీద కాదు. అతనినుంచి ఆమె అంతకంటె మంచిని ఎన్నడూ ఆశించలేదు. నాదేం గొప్ప అని ముందుగా, తనంతట తాను తప్పుకునే ఆ అలవాటు మీద వచ్చింది. ఆ అలవాటు మీదే ఈ దేశంలో ఎన్ని ఇళ్ళు, ఎన్ని సంస్థలు, ఎన్ని ప్రతిష్ఠలు సుఖంగా నిలబడి ఉన్నాయో ఆమెకు తెలుసు.

“చేరిన విద్యార్థిని చేరలేదని రాయడానికి నన్నిక్కడ వెయ్యలేదు,” అంది. “నువ్వు కూర్చో సరోజా. నీ పేరు నీ ఇష్టప్రకారం కూడా తియ్యను.”

“అయితే సర్ సంతకం చెల్లదు,” అన్నాడు మల్హోత్రా.

“నిజమే,” అన్నాడు కేశవరావు.

ఆయన జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, మల్హోత్రా ముందుకు చాచాడు.

“మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిబంధన ప్రకారమే ఉంది. నాకు స్వప్రయోజనం ఉంది. కాబట్టి నేను తప్పుకుంటున్నాను. నేను తప్పుకుంటే తనిఖీ బాధ్యత రెండో సభ్యుడిది. అంటే మీది. కూర్చుని, ఇవాళ మీ కళ్ళతో చూసినది మీ చేతితో రాయండి. చూడనిది మాత్రం రాయకండి. సాక్షులు చాలామంది ఉన్నారు.”

మల్హోత్రా పెన్ను వైపు చూశాడు. బెంచీల వైపు చూశాడు. కిటికీ అరుగుల మీద కూర్చున్నవారి వైపు, గుమ్మంలో మూగిన పక్క తరగతుల వారి వైపు, తన నక్షాలు గీసే ధర్మయ్య వైపు చూశాడు. తాను తవ్విన గోతికి తానే కొలతలు కూడా చెప్పినట్టయింది. మొదటి బెంచీలో ఒక నర్సు మర్యాదగా జరిగి అతనికి చోటిచ్చింది.

“బైఠియే, సర్.”

అతను కూర్చున్నాడు. రాశాడు. ‘పూర్తి వినియోగంలో ఉన్నది’ అన్న మాట దగ్గర పెన్ను ఒకసారి ఆగింది, మళ్ళీ కదిలింది. సంతకం పెట్టాడు. భానుమతి ఆ కాగితాన్ని అందుకుని, తరగతికి వినిపించేలా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివింది.

ఆ తరవాత లేచిన కేకకు వరండాలో పావురాలు ఎగిరిపోయాయి. కింది గదుల్లోకి ఆ కబురు పాకి, అక్కడినుంచి మరో కేక వచ్చింది. నర్సులు ఒకరినొకరు వాటేసుకున్నారు. తాళాల మనిషి తాళాలను లాల్చీ జేబులో పెట్టుకోబోతే పట్టలేదు. చేతుల్లోనే పట్టుకుని, బిక్కమొహంతో మెట్లు దిగాడు. కేశవరావు భార్య దగ్గరకు వచ్చి, “పద, కారుంది,” అన్నాడు. “పాఠం ఇంకా అవలేదండి,” అంది సరోజ. ఆయన వాచీ చూసుకుని, చివరి బెంచీలో ధర్మయ్య పక్కన కూర్చున్నాడు.

భానుమతి సుద్దముక్క అందుకుంది. గుమ్మం దాకా వెళ్ళిన మల్హోత్రా వెనక్కి తిరిగాడు.

“భవనం మీదే, మేడమ్‌జీ. బధాయీ హో, అభినందనలు. ఇక నా రెండో పని. సర్కారు ఉద్యోగి ఎవరైనా చదువుకోవాలంటే ముందు శాఖ అనుమతి తీసుకోవాలి. అది నిబంధన. వీళ్ళలో ఎంతమంది తీసుకున్నారు?”

తలలు ఒక్కొక్కటే పుస్తకాల్లోకి వంగాయి.

“అనుకున్నాను. అనుమతి లేకుండా చదువుతున్నవారి పేర్లన్నీ సోమవారానికి నాకు కావాలి. ఎవరి శాఖకు వారివి పంపిస్తాను. భవనం మీ దగ్గరే ఉంటుంది; అందులో కూర్చోవడానికి ఎవరు మిగులుతారో చూద్దాం.”

కేకలు ఆగిపోయిన గదిలో ఒక గొంతు లేచింది.

“మొదటి పేరు నాది రాసుకోండి,” అంది సరోజ.

“మీరు సర్కారు ఉద్యోగి కారు కదా, భాభీజీ!”

“కాను. అనుమతి లేకుండా చదువుతున్నవాళ్ళ పేర్లే కదా మీరడిగింది? ఇంట్లో అడక్కుండా వచ్చాను. మావారు అక్కడే ఉన్నారు, కావాలంటే కనుక్కోండి.”

చివరి బెంచీలోంచి కేశవరావు తల ఊపాడు. ఆయన పెదవుల మీద కదిలినది నవ్వేనని ప్రీతి తరవాత ఒట్టువేసి చెప్పింది.

“దూస్రా నామ్ మేరా,” అంది ప్రీతి.

“మూడోది నాది సాబ్. ధర్మయ్య. స్పెల్లింగు మీకెరుకే.”

కిటికీ అరుగుల మీదినుంచి నాలుగో పేరు వచ్చింది. గుమ్మంలోంచి ఐదోది. ఇక ఒకరి పేరు మీద ఇంకొకరి పేరు పడి, ఏది ఎవరిదో విడదీయడానికి వీలులేని హోరైంది. భానుమతి వారిని ఆపలేదు. ఆ పేర్లను సోమవారం అతని చేతిలో పెట్టాలా, పెట్టకూడదా? ఒక్కో పేరు వెనక ఒక్కో ఇంటి జీతం ఉందని ఆమె మరిచిపోలేదు. నిర్ణయం ఆమెది, తీసుకుంటుంది. ఏమిటో వచ్చేవారం.

ఇక మీ సంగతి. ఇది చదువుతున్న మీలో, తండ్రిని అడగకుండా పుస్తకం తెరిచినవారున్నారు. భర్తకు చెప్పకుండా పరీక్షకు కట్టినవారున్నారు. పై అధికారి కంటబడకుండా రాత్రి కళాశాల మెట్లెక్కినవారున్నారు. ఇంతకాలం దాన్ని తప్పు దాచినట్టు దాచారు. ఇక దాచకండి. మీ పేరు, మీ ఊరు, ఎవరి అనుమతి లేకుండా ఏం చదివారో ఒక కార్డు మీద రాసి ఈ పత్రికకు పంపండి. మల్హోత్రా అడిగినవి పేర్లే కదా, ఎత్తలేనన్ని పంపండి. మారుపేరు వద్దు, పొడి అక్షరాలు వద్దు. ఇంటిపేరుతో సహా, పూర్తిగా రాయండి.